దోకియా ముసలమ్మ తొమ్మిది కోట్లు

పిల్లలూ, ఈ కథ మీరెప్పుడూ వినలేదు. మనం ఉంటున్న ఈ చోట నేల చదునుగా ఉంటుంది, ఏ కిటికీలోంచి చూసినా కొండ కనబడదు, అందుకని చెప్పే సందర్భం రాలేదు. వచ్చే వారం బడివాళ్లు మిమ్మల్ని కొండ ఎక్కిస్తారని విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అందుకే చెబుతున్నాను. ఇందులో నేను కళ్లారా చూసింది కొంత, గవ్రిల్ తాత నోటి మాట కొంత. రెండూ కలిసిపోకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మా నాన్న ప్రొకోపీకి కొండ కింద, దారి మలుపులో, చిన్న సారా కొట్టు ఉండేది. మార్చి మొదటి రోజుల్లో మా వైపు ఒక్కొక్కరు ఒక్కో రోజును తమదని ముందే ఎంచుకుంటారు. కొండమీద చలికి గడ్డకట్టి బండైపోయిందనే దోకియా ముసలమ్మ పేరు మీద, దాన్ని ముసలమ్మ రోజు అంటాం. ఆ రోజు ఎండ కాస్తే ఆ ఏడంతా వాళ్లకు మంచిది, మబ్బు పడితే చెడ్డది. ఇంకో మాట కూడా ఉండేది. తన రోజు ఎండగా ఉన్నవాడు, పొద్దు గుంకేలోపు, మార్చిలో మణికట్టుకి కట్టుకునే దారాన్ని కొండమీది ముసలమ్మ బండకు కట్టి వస్తే, అడిగిన పిల్లను ఎవరూ కాదనరని.

నేను చెప్పబోయే రోజు మీ నాన్నది. అప్పటికి ఆయన మీ నాన్న కాదు, పక్క లోయ నుంచి కలప లారీతో వచ్చే వలేర్. ఆయన మణికట్టుకి ఉన్న ఎర్ర-తెల్ల దారం కట్టింది నేనే. ఆ సంగతి మా నాన్నకు తెలియదు.

పొద్దు వాలాక వలేర్ కొట్లోకి వచ్చాడు. పొద్దుటి నుంచి కాసిన ఎండ ఇంకా కాస్తూనే ఉంది. పెద్ద కోటు లారీలోనే వదిలేసి, చొక్కా మీద చేతుల్లేని కోటుతో నిలబడి, ప్లమ్ పళ్ల సారా ఒక గుక్క తాగి, "చీకటి పడేలోపు ఎక్కి దిగిపోతా" అన్నాడు. కొండ భుజం వెనక బూడిదరంగు మబ్బు ఒకటి పిల్లిలా ముడుచుకుని కూర్చుని ఉంది. నాకది కనబడింది. వద్దంటే, నీకెందుకే అని మా నాన్న అడుగుతాడు. నోరు మూసుకుని గ్లాసులు తుడుస్తున్నాను.

పొయ్యి పక్కన ఇద్దరే ఉన్నారు. ఒకరు గవ్రిల్ తాత, మా ఊళ్లో ఆయన్ని మించిన కోతలరాయుడు లేడు. రెండో ఆవిడ ఆయన వదిన సఫ్త, ఉన్ని ఏకుతోంది. ఆవిడ భర్త తోడెర్ నేను పుట్టకముందే పోయాడు. ఎలా పోయాడో మా ఇళ్లలో ఎవరూ మాట్లాడుకునేవారు కాదు.

గవ్రిల్ తాత వలేర్ మణికట్టు వంక చూశాడు, కిటికీ వంక చూశాడు, కాళ్లు చాపి దారికి అడ్డంగా పెట్టాడు.

"కూర్చోవోయ్ అల్లుడూ, కొండ ఎక్కడికీ పోదు. నేను ఎక్కినప్పటి నుంచీ అక్కడే ఉంది. ఒక్క గొర్రె కోసం ఎక్కాను, పెద్ద ఘనకార్యం ఏమీ కాదులే, సరిగ్గా ఇలాంటి రోజే, ఇలాంటి వేళే, నా ముసలమ్మ రోజు, ఎండ చూస్తే తేనె పోసినట్టుంది, మందలోంచి ఒక గొర్రె తప్పిపోయింది, సరే తెచ్చేద్దామని సెలయేరు దాటాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఎలుగుబంటి వచ్చింది" అన్నాడు మా నాన్న. "ప్రతి ఏడూ వస్తుందిగా!"

"ఈ ఏడు దానికి సెలవిచ్చానోయ్ ప్రొకోపీ, నువ్వు సారాలో నీళ్లు కలుపుకో, నా కథలో వేలు పెట్టకు. ఎక్కుతున్నాను, ఎక్కుతున్నాను, చెమట పడుతోంది, ఉన్నట్టుండి ఎదురుగా ముళ్లపొద మీద గొర్రెతోలు కోటు ఒకటి ఆరేసి ఉంది. మనిషి లేడు. చుట్టూ ఎవరూ లేరు. చెయ్యి పెట్టి చూశాను కదా, లోపల వెచ్చగా ఉంది! ఇప్పుడే ఎవరో విప్పినట్టు. మంచి కోటు, కుడి చెయ్యి కాస్త పొడుగు, కాలరు లోపల నీలం ఉన్నితో చిన్న సిలువ కుట్టి ఉంది."

ఉన్ని ఏకే చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

"ఈ కోటు కొత్తగా వచ్చిందే కథలోకి" అన్నాడు మా నాన్న.

"దొరికిన వస్తువు వదలడం మా ఇంటా వంటా లేదు, తొడుక్కున్నాను. నాలుగడుగులు వేశానో లేదో ఇంకో కోటు, అదీ వెచ్చగానే ఉంది, అదీ తొడుక్కున్నా. ఇంకా పైన ఇంకోటి. అప్పుడు దిగింది మబ్బు. మబ్బంటే ఇలాంటి అలాంటి మబ్బా? చెయ్యి చాపితే మోచేతి దగ్గర నరికేసినట్టు! నేనేం చేశాననుకున్నావ్? మీ అమ్మ సంకటి ముద్దను దారంతో కోస్తుందా లేదా? అలా నా చేతి దారం విప్పి, రెండు కొసలూ పట్టుకుని, మబ్బుని ముక్కలు ముక్కలుగా కోసి, ఆ ముక్కలు దారికి అటూ ఇటూ పేర్చుకుంటూ పోయాను."

వలేర్ పెద్దగా నవ్వాడు. "మామా, ఉప్పేసుకుని తినలేకపోయావా?"

"తిన్నాను. చప్పగా ఉంది."

వలేర్ నవ్వుతూనే తలుపు వైపు తిరిగాడు. "వచ్చాక మిగతాది వింటా, ఎండ పోతోంది."

"పో, కానీ గంటలు వినబడితే మాత్రం ఆగకు" అన్నాడు గవ్రిల్ తాత. గొంతు తగ్గించి అన్నాడు. కథ చెబుతున్న గొంతులా లేదు.

"ఏం గంటలు?"

"గొర్రె మెడలో గంటలు. మబ్బులోంచి వచ్చాయి. ఒక మంద మొత్తం నా పక్క నుంచి పోతోంది, గంటలు మోగుతున్నాయి, డెక్కల చప్పుడు మాత్రం లేదు. ఉన్ని వాసన లేదు. 'ఎవర్రా అక్కడ?' అని అరిచాను. నా అరుపు కొండకి తగిలి తిరిగొచ్చింది, అయితే ఆడగొంతుతో వచ్చింది, ముసలి గొంతుతో. 'ఎవర్రా అక్కడ' అని కాదు, 'రా నాయనా రా' అని."

వలేర్ తలుపు గడియ మీంచి చెయ్యి తీశాడు. మా నాన్న చేతిలో సీసా వంగింది గానీ సారా గ్లాసులో పడలేదు.

"అప్పుడు చూశాను. మంచు మీద అడుగులు. చిన్న పాదాలు, పైకే పోతున్నాయి, కిందికి వచ్చిన జాడ ఒక్కటీ లేదు. ప్రతి మలుపులో ఒక కోటు. తొడుక్కుంటూ పోయాను, ఎనిమిది అయ్యేసరికి నేను గడ్డివాములా తయారయ్యాను, రెండు బండల మధ్య ఇరుక్కున్నాను, ఊపిరి గట్టిగా పీల్చి వదిలితే బండలే పక్కకు జరిగాయి. ఇప్పటికీ జరిగే ఉన్నాయి, వెళ్లి చూసుకో. వద్దులే, ఇవాళ వద్దు. అదిగో, ఆ సందు అవతల కనబడింది ఆవిడ. వీపే కనబడింది. నడుస్తూనే కోటు విప్పుతోంది, ఆగడం లేదు, వెనక్కి చూడడం లేదు. నేను పరిగెత్తితే ఆవిడ నడుస్తోంది, అయినా మా మధ్య దూరం తగ్గడం లేదు. 'అమ్మా, చలి! కోటు వేసుకో!' అన్నాను. ఏమందో తెలుసా?"

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"'చలా? మండిపోతోంది నాయనా' అంది."

కిటికీలో ఎండ ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. గాజు బూడిదరంగుకి తిరిగింది.

"శిఖరం మీదికి వచ్చాం. అక్కడున్నవన్నీ బండలే, చుట్టూ గుండ్రంగా, మోకాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చున్న మనుషుల్లా. వాటి మధ్య ఖాళీ ఉంది, ఒక్క మనిషి పట్టేంత. తొమ్మిదో కోటు విప్పి నా చేతికిచ్చింది. అప్పుడు తిరిగింది నా వైపు. ముఖం ఎలా ఉందో అడగొద్దు. 'నువ్వూ విప్పు నాయనా, వేడిగా లేదూ?' అంది. ప్రమాణపూర్తిగా చెబుతున్నాను అల్లుడూ, ఆ మాట వినగానే ఒళ్లంతా వేడెక్కింది. జూలైలో గడ్డి కోస్తున్నప్పటి వేడి. చేతులు వాటంతటవే బొత్తాల మీదికి పోయాయి. మొదటిది విప్పాను. రెండోది విప్పాను. ఎంత హాయిగా ఉందో! ఆ ఖాళీలో కూర్చుంటే చాలనిపించింది..."

అక్కడ ఆగిపోయాడు. ఆయన చేతులు నిజంగానే చొక్కా బొత్తాల మీద ఉన్నాయి.

"మరి?" అన్నాడు వలేర్. వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

గవ్రిల్ తాత ఉలిక్కిపడి గొంతు సవరించుకున్నాడు. "మరేముంది, గవ్రిల్ అంటే ఏమనుకున్నావు? ఒక్క గెంతు గెంతాను! విప్పినవీ లాక్కుని తొమ్మిది కోట్లతో బంతిలా దొర్లాను, మూడు ఊళ్ల మీదుగా దొర్లాను, కోళ్లు నెల రోజులు గుడ్లు పెట్టలేదు, చివరికి చర్చి గంటకి గుద్దుకున్నాను, అది మోగితే సాయంత్రం ప్రార్థన అనుకుని ఊరంతా వచ్చేసింది, పాదిరిగారు వాళ్లని వదల్లేదు, పాపం గంటసేపు ప్రసంగం విన్నారు. ఆ గొర్రె నా కన్నా ముందే ఇంటికొచ్చి పాలు కూడా ఇచ్చింది!"

అందరం నవ్వాం, నవ్వకపోతే భయంగా ఉంది కాబట్టి.

"ఆ తొమ్మిది కోట్లు ఏవి మామా? ఒక్కటైనా చూపించు" అన్నాడు వలేర్.

"గడ్డివాము నిచ్చెన రెండు మెట్లు ఎక్కితే వీడికి కళ్లు తిరుగుతాయి, వీడు కొండెక్కాడట!" అన్నాడు మా నాన్న.

గవ్రిల్ తాత చాపిన కాళ్లు వెనక్కి ముడుచుకుని వదిన వంక చూశాడు.

"తొమ్మిది కాదు" అంది సఫ్త. "ఒక్కటే."

ఉన్ని ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. ఆవిడ వలేర్‌ని చూసి మాట్లాడింది.

"కుడి చెయ్యి పొడుగొచ్చింది, ఎందుకంటే పెళ్లయిన కొత్తలో కుట్టాను, నాకింకా కొలత తీయడం రాదు. ఆ సిలువా నేను కుట్టిందే. గవ్రిల్ కొండెక్కలేదు బాబూ. సెలయేటి దగ్గర నిలబడి పిలిచాడు, చీకటి పడేదాకా పిలిచాడు. తప్పిపోయిన గొర్రె కోసం ఎక్కింది మా ఆయన. ఆ రోజు ఆయన ముసలమ్మ రోజు. నీలాగే ఎండ చూసి బయల్దేరాడు. కోటు ఒకచోట దొరికింది, టోపీ ఒకచోట, చొక్కా ఇంకా పైన. మనిషి బండ పక్కన కూర్చుని ఉన్నాడట, మోకాళ్లు దగ్గరికి తీసుకుని. చలితో పోయేవాడికి చివర్లో ఒళ్లు మండుతుందట. దించిన వాళ్లు చెప్పారు."

వడగళ్లు కిటికీ అద్దాన్ని కొట్టడం వినబడింది, ముందు ఒకటీ అరా, తర్వాత ఎవరో గుప్పిళ్లతో విసిరినట్టు. కొండ లేదు. దారి మలుపు లేదు. మా వాకిట్లో ఉన్న లారీ కూడా కనబడటం లేదు.

"ఇన్నేళ్లూ ఎలుగుబంటి కథే చెప్పేవాడివి గదయ్యా" అంది సఫ్త మరిదితో, నెమ్మదిగా. "ఇవాళ ఇది ఎందుకు చెప్పావు?"

"నిజం చెప్పుంటే 'అయ్యో పాపం' అని లేచి వెళ్లిపోయేవాడు వదినా" అన్నాడు గవ్రిల్ తాత.

సఫ్త లేచి, తన శాలువా తీసి వలేర్ భుజాల మీద కప్పింది. అప్పుడు మా నాన్న వలేర్ మణికట్టు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"సంకటి కుండ దించు. ఈ వడగళ్ల వానలో వీడెక్కడికి పోతాడు" అన్నాడు.

ఆ దారం కొండమీదికి ఎప్పుడూ పోలేదు. మా పెరట్లో ప్లమ్ చెట్టు పూసినప్పుడు మీ నాన్న దాన్ని ఒక కొమ్మకి కట్టాడు, మా నాన్న చూస్తుండగానే కట్టాడు.

ఆ ముసలమ్మ ఉందో లేదో నాకు తెలియదు. గంటల సంగతి, ఆడగొంతు సంగతి గవ్రిల్ తాత కల్పించాడో, సెలయేటి దగ్గర నిలబడి ఆయనే విన్నాడో, అదీ తెలియదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. మీరు వచ్చే వారం వెళ్లండి, ఆపను. కొండ ఎక్కుతుంటే వేడెక్కిందని కోటు విప్పితే నడుముకి కట్టుకోండి, వదిలి రాకండి. పొద్దు వాలాక ఎంత ఎండ ఉన్నా వెనక్కి తిరగండి.

మీకూ పిల్లలు పుడతారు, ఏదో ఒక కొండ కింద ఉంటారు. వాళ్లకీ కథ చెప్పండి. మబ్బుని దారంతో కోసిన సంగతి, చర్చి గంట మోగిన సంగతి ఏమీ తగ్గించకండి, కావాలంటే ఇంకో రెండు ఊళ్లు కలపండి. కోట్లు తొమ్మిదనే చెప్పండి. వాళ్లు నవ్వి, కోట్లేవని అడిగినప్పుడు మాత్రం, సఫ్త చెప్పినట్టే చెప్పండి. ఒక్కటే అని.