కేసుల్లేని బస్తీ

ఫలక్‌నుమాలో ఒక ఫంక్షన్ హాల్, మేడమీది గది. కింద సన్మానసభకు కుర్చీలు వేస్తున్నారు. చుట్టుపక్కల పోలీసు స్టేషన్లూ బస్తీలూ కలిసి ఇళ్లల్లో ఆడవాళ్లను కొట్టడం ఆపడానికి నడిపే 'తోడు' పథకానికి అమల బాధ్యురాలు. ఆమె ఎదుట పాలవ్యాపారి బుచ్చయ్య భార్య కృష్ణమ్మ.

"శాలువా నేను కప్పనంటున్న గద మేడం. ఎన్నిసార్లు చెప్పాలె?"

"మెల్లగ, కృష్ణమ్మక్కా. డీసీపీ సార్ వచ్చే టైమైంది. నీ మొగనికే గద సన్మానం, పరాయోనికా? నువ్వు కప్పితే ఫొటో మంచిగొస్తది."

"ఎందుకు సన్మానం? ఏం పొడిచిండని?"

"గదేం మాట! ఈ స్టేషన్లన్నిట్ల కేసు లేని బస్తీ మీదొక్కటే. బుచ్చయ్యన్న పెద్దమనిషిగ కూసున్నంక ఒక్క ఆడామె గూడ స్టేషన్ మెట్లెక్కలే."

"ఎందుకెక్కలేదో ఎర్కేనా మీకు?"

"లొల్లి ఇంట్లనే సల్లారుతుంది గద."

"సల్లారలే. నోర్లు మూతవడ్డయ్. తోడు నంబర్‌కు మెసేజ్ కొడితే ముందుగాల ఎవరి ఫోన్ల పడ్తది?"

"బస్తీ పెద్దమనిషి ఫోన్ల. గది మన పద్ధతి. పోలీసులు వాడకట్టుల అడుగు వెడితే ఇజ్జత్ పోతదని మీరే అన్నరు. అందుకే ముందు మీ మనిషే పోయి మాట్లాడ్తడు. ఆయనతోని కాకపోతే మాకు పంపుతడు, అప్పుడు పోలీసులు."

"మా పెద్దమనిషి ఎవరు?"

"బుచ్చయ్యన్న."

"నన్ను కొట్టేదెవరు?"

"జర నీళ్లు తాగు అక్కా."

"నీళ్లొద్దు. బోనాలప్పుడు మెసేజ్ కొట్టిన. బర్ల కొట్టంల పాలు పిండుతుంటే ఫోన్ వట్టుకొని ముంగటికొచ్చిండు. 'ఫిర్యాదు వచ్చిందే, చదువన్నా?' అన్నడు. నవ్వుకుంట చదివిండు. నా మాటలు నాకే చదివిండు మేడం! చదివినంక బర్రె మెడల గొలుసు ఇప్పిండు."

"అయ్యో! నాకెవ్వరు చెప్పలే."

"నేనే చెప్పిన."

"ఎప్పుడు?"

"మీ ఆఫీసుకు రాలేదా? చెయ్యి లేస్తలేదని చూపియ్యలేదా? 'బర్రె తన్నిందా' అని మీరడగలేదా?"

"ఆ దినం మస్తు మంది ఉండె. అయినా పట్టించుకోలేదనకు. నువ్వు పోంగనే ఫోన్ చేసిన..."

"ఎవరికి?"

"అదే... కనుక్కుందామని."

"ఎవరికి చేసిన్రు?"

"బుచ్చయ్యన్నకు. మంచిగనే అడిగిన. మీ ఇంటామె గిట్లంటుంది, నిజమేనా అని."

"ఏమన్నడు?"

"నిజంగనే బర్రె తన్నిందన్నడు."

"మీరు నమ్మిన్రు."

"పెద్దమనిషి గద అక్కా."

"నేను ఇంటికి పొయ్యేసరికి గేటు కాడనే నిలవడ్డడు. 'ఆఫీసుదాంక పోయినవా' అన్నడు. ఎవరు చెప్పిండ్రో సమజ్ కాలే. పక్కింటి స్వీటీ అనుకున్న. పాపం, దాన్ని నోటికొచ్చినట్టు తిట్టిన. అది గూడ మొగని మీద మెసేజ్ కొట్టిందంట, ఈయన పోయి ఆ మొగనికే చెప్పిండంట. నాకు తెల్వకపాయె. మొన్న ఈ సన్మానం పిలుపొచ్చిన సంబురంల తాగి ఆయనే వాగిండు, 'మీ మేడమే చెప్పిందే నాకు' అని."

"అంటే, తెలిసే అడిగినవా?"

"నీ నోటితోని ఇందామని."

"తప్పయింది అక్కా. నీ కాళ్లు మొక్కుత. గని ఇయ్యాల లొల్లయితే పథకమే మూసేస్తరు. మిగిలిన బస్తీల ఆడోళ్ల గతేంగావాలె? జర ఓపిక వట్టు, రేపు బుచ్చయ్యను తీసేస్త."

"రేపెందుకు? ఇప్పుడే తియ్యి. ఆయన నంబర్ తీసి నీ నంబర్ వెట్టు. నా కండ్ల ముంగట."

"వెడితే కిందికొస్తవా? మైకుల ఏమనవు గద?"

"మొదలు వెట్టు."

"ఆగు... ఆఁ, అయింది. చూడు, బుచ్చయ్య పేరు వోయింది. ఇగ మీ బస్తీల ఎవరు మెసేజ్ కొట్టినా సీదా నాకే. మనసు సల్లవడ్డదా?"

"ఇంకెవ్వరికి పోదా?"

"పోదు. ఇగ మీ పెద్దమనిషిని నేనే, ఫికర్ జెయ్యకు."

"అయితే గా కిటికీల కెల్లి కిందికి చూడు. ఆటోలు దిగుతున్నోళ్లు ఎవరు?"

"మీ వాడకట్టోళ్లే గద. మంచిదే, హాల్ నిండుతది. ముంగట స్వీటీనా? గదేంది, అందరు ఫోన్లు వట్టుకొని పైకి చూస్తున్నరు?"

"నేను చెయ్యి ఊపాలెనని చూస్తున్నరు. ఇగో, ఊపిన."

"ఎందుకు? ఆగు, ఫోన్ మోగుతుంది. తోడు మెసేజ్. ఇంకోటి వచ్చింది. ఇంకోటి! ఏందిది అక్కా?"

"చదువు. ఆయన నాకు చదివినట్టే, పైకి."

"'బుచ్చయ్య పెండ్లాన్ని గొలుసుతోని కొడ్తడు. మా ఫిర్యాదులు మా మొగోళ్లకే చెప్పిండు. కృష్ణమ్మ మాట ఆయనకు చేరేసింది... చేరేసింది అమల మేడం.' అక్కా, అన్నీ ఇట్లనే ఉన్నయ్. ఇవి డీసీపీ సార్‌కు చూపిస్తే నా నౌకరి ఉండదు!"

"చూపియ్యకపోతే ఆయన జేలుకు పోడు."

"నేనేం చెయ్యాలె మరి?"

"నన్నడుగుతవేంది? నీ మీది ఫిర్యాదు నీ చేతికే వచ్చింది. పంచాయితి చెయ్యి, పెద్దమనిషీ."