బస్సు వస్తదన్న మాట

బాన్సువాడలోని కొత్త సర్కారు బడి గేటు దగ్గర, చిన్నప్పుడు తనకు చదువు చెప్పిన భానుప్రసాద్ సారును ప్రసన్న ఆపింది. వాళ్ల ఊరి బడిని ఎండాకాలం సెలవుల్లో ఈ బడిలో కలిపేశారు.

“ఆఫీసుల అడిగిండ్రా సార్?”

“అడుగుతనే ఉన్న. వైశాలి మంచిగున్నదా?”

“నా బిడ్డ సంగతి తర్వాత. బస్సు సంగతి చెప్పుండ్రి.”

“వస్తది ప్రసన్నా. జర ఓపిక పట్టాలె.”

“దసరాకు వస్తదంటిరి. దసరా పోయె, దీపావళి పోయె.”

“పైకెల్లి ఆర్డర్ రావాలె గద.”

“ఆర్డర్ వచ్చిందనే గద మీరు మాకు చెప్పింది?”

“గది... బడి కలిపే ఆర్డర్. ఒకపారి లోపలికొచ్చి చూడు. సబ్జెక్టుకో టీచర్ ఉన్నరు, ల్యాబ్ ఉన్నది. మన ఊర్ల ఏడు క్లాసులకు ఇద్దరమే ఉంటిమి.”

“మంచిగనే ఉన్నది సార్. ఎవల పిల్లలకు?”

“గట్లంటవేంది?”

“మొగపిల్లలు ఎవలదో బండెనుక కూసోని వస్తుండ్రు. ఆడపిల్లలను అట్ల పంపుతమా? గంగయ్య మామ మనవరాలు బడి మాని చెరుకు కొట్టనీకి పోతుంది.”

“వైశాలి?”

“వైశాలి గూడ బడి మానేసి ఇంట్లనే ఉంటుంది.”

“నువ్వన్న పంపొద్దా? ఆటోల పంపొచ్చు గద, నీకు గంత కష్టమేం గాదు.”

“ఎట్ల పంపాలె? బడి కలుపుడుకు ఇల్లిల్లు తిరిగి అందరితోని సంతకాలు పెట్టిపిచ్చింది నేను. మా సార్ చెప్పిండు, బస్సు వస్తది అని. ఇప్పుడు నా బిడ్డ ఒక్కతే ఆటో ఎక్కితే, ఆ తల్లుల మొఖం ఎట్ల చూడాలె?”

“నీ తప్పేం లేదు.”

“గా మాట నాకు గాదు, ఊరికి చెప్పుండ్రి. రేపు అందరం కలెక్టర్ దగ్గరికి పోతున్నం. సర్కారోళ్లు బస్సు ఇస్తమన్నరని మీరొచ్చి ఒక్క మాట చెప్తే చాలు.”

“నేను రాను.”

“నౌకరి పోతదనా?”

“గాదు.”

“మరేంది సార్? నా చెయ్యి పట్టి అక్షరాలు దిద్దిపిచ్చింది మీరు. మీ మాట మీదనే గద...”

“బస్సు ఇచ్చేది లేదని ఆఫీసోళ్లు ముందే చెప్పిండ్రు ప్రసన్నా. ఊరోళ్లను ఎట్లనన్న నువ్వే ఒప్పియ్యమన్నరు. మంచి బడి చేజారిపోతదని... బస్సు మాట నేనే పుట్టిచ్చిన.”