బొమ్మ వచ్చిందా?

నాంపల్లిలో ఒక డాబా మీద, తొంభై ఎనిమిది ఎండాకాలం. డిష్ మెకానిక్ విజయేందర్, ఇంటావిడ బెత్సీ.

“డిష్ ముందలున్న పాత డబ్బా తీసేసిన అక్కా. నీళ్లు పోయి ఖరాబైంది. ఆబిడ్స్‌ల కొత్తది తెచ్చిన.”

“గంత చిన్న డబ్బా ఏం చేస్తది?”

“అసలు పని గిదే చేస్తది. సాటిలైట్ నుంచి వచ్చే సిగ్నల్ గీడికి వచ్చేసరికి పానం లేనట్టుంటది. గిది పట్టి పెద్దగ చేస్తది. పెద్దగ చేసినా గంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ వైరుల నడువదు, నడుమనే ఆగమైతది. గందుకని ఫ్రీక్వెన్సీ తగ్గించి కిందికి పంపుతది. టీవీ ముందల ఎవరన్న ఉన్నరా? వచ్చిందో రాలేదో అరిచి చెప్పాలె.”

“మా ఆయన ఉన్నడు. చెప్పడు.”

“ఏందక్కా, అలిగిండా?”

“పాపను సమాధి చేసి వచ్చిన సంది మాట్లాడుతలేడు.”

“పాపనా? ఇవాంజెలినా? పోయినసారి కింద నుంచి అరిచింది గామెనే గదా, వచ్చింది అంకుల్ అని.”

“ఔ. గామెనే.”

“నాకు తెల్వదక్కా.”

“ఇంట్ల చప్పుడే లేదు. టీవీ అన్న మొత్తుకుంటదని నిన్ను పిలిచిన. డిష్ తిప్పు తమ్మి, నేనే పోయి చూసొస్త.”

“ఎన్నిసార్లు దిగుతవ్? ఎర్నెస్ట్ సారూ! బొమ్మ వచ్చిందా?”

“చెప్పడన్న గదా.”

“రాలే!”

“అక్కా, సారు...”

“ఊఁ.”

“సారు మాట్లాడిండక్కా!”

“ఊకో. లొల్లి చెయ్యకు. మళ్ల అడుగు.”

“సారూ! ఇప్పుడు?”

“రాలే! చుక్కలే ఉన్నయి!”

“లొల్లి వద్దన్నవ్ గదా, గీ డబ్బా గూడ గంతేనక్కా. దాని లోపలి చప్పుడు తక్కువుండాలె. ఎక్కువుంటే వచ్చే సన్న సిగ్నల్ అండ్లనే మునుగుతది.”

“చుట్టాలు నెలంత ఓదార్చిన్రు. ఒక్కళ్లు ఊకోలే. గప్పుడు ఆయన ఏమన్న అన్నా నాకు ఇనబడి ఉండదు.”

“సారూ! వచ్చిందా?”

“జర జర వస్తున్నది! ఇంకొంచెం తిప్పు!”

“ఇప్పుడో?”

“వచ్చింది! బెత్సీ, వచ్చిందే!”

“అయిపాయె అక్కా. గా పానా ఇటియ్యి, నట్టు బిగిస్త.”

“బిగించకు.”

“ఏందక్కా?”

“జర పక్కకు తిప్పు తమ్మి. మళ్ల అడుగు.”