నేలకు అప్పజెప్పిన మనిషి

ఎన్నిసార్లు చెప్పానర్రా, ఆ గోతి పక్కన కూర్చున్న ముసలాయన మీద మట్టిపెళ్ళలు విసరొద్దని! రండి, ఇలా నా దగ్గరికొచ్చి కూర్చోండి. ఏం జర్లష్తా, భయమా? ఆయన పిచ్చివాడు కాడమ్మా.

ఆయన తోర్యాలై ఖాన్. యుద్ధంలో మన లోయకంతటికీ నాయకుడు. ఆయన కేకేస్తే ఇంటికొక కొడుకు తుపాకి పట్టాడు. ఆయన సొంత కొడుకూ పట్టాడు. ఆ కొడుకు శవం ఒక్కటే ఊరికి చేరింది. మిగతావాళ్ళు కొండల్లో ఎక్కడ పడ్డవాళ్ళక్కడే.

తర్వాత కాబూల్లో మంత్రిగిరీ కూడా వెలగబెట్టాడు. ఎన్నాళ్ళు? పక్కన కూర్చున్నవాళ్ళే కుర్చీ లాగేశారు. భార్య జర్ఘూనాను వెంటబెట్టుకుని, మనలాగే సరిహద్దు దాటి ఈ పెషావర్ వచ్చి పడ్డాడు.

ఇక్కడే ఆవిడ పోయింది. పరాయి నేల కదా, మనవాళ్ళ పద్ధతి తెలుసుగా? అమానతుగా పెట్టాడు. "ఓ నేలా, ఈమెను నీకు అప్పజెబుతున్నాను. ఊరికి పోయేనాడు తీసుకుపోతాను" అని మాట చెప్పి, పెట్టెతో సహా పూడ్చాడు. ఆ పోయేనాడు ఏదీ? ఈ ఏడు, వచ్చే ఏడు అంటూ గడ్డం నెరిసింది.

మొన్న ఊరి నుంచి బావమరిది నజీఫుల్లా వచ్చాడు. ఇచ్చిన టీ కూడా ముట్టలేదు.

"బావా, పెద్దలంతా జిర్గా పంచాయతీ కూర్చున్నారు. అక్కను తీసుకురమ్మన్నారు. పిల్లాడి పక్కన చోటుంచారు."

"మరి నేను?"

"నువ్వొద్దన్నారు."

"ఎవర్రా అన్నది? నా ముందు నోరెత్తని ఆ ముసలి మేకలా?"

"వాళ్ళు కాదు బావా, ఆడవాళ్ళు. నువ్వు తీసుకెళ్ళిన పిల్లల తల్లులు. 'జర్ఘూనా మా మనిషి, కొడుకు పక్కన పడుకోనివ్వండి. ఆయన మా గుమ్మం ముందు కనిపిస్తే మాత్రం, మావాళ్ళేరీ అని అడక్కుండా ఉండలేం' అన్నారు."

ఇప్పటికీ ఆయన నమాజుకు నిలబడితే వెనక ఆ కుర్రాళ్ళ దగ్గు వినబడుతుందట. ముగించి తిరిగి చూస్తే ఎవరూ ఉండరట.

ఆవిడను పంపనని మొండికేయొచ్చు. మాట్లాడుకోవడానికి ఆయనకు మిగిలింది ఆ సమాధే కదా! కానీ అక్కడ పిల్లాడు ఒంటరిగా ఉన్నాడు.

నిన్న పెట్టె పైకి తీశారు. లారీ కదిలేదాకా దాని మీంచి చెయ్యి తియ్యలేదు. ఆ తర్వాత కూలీలు గొయ్యి పూడ్చబోతే, పారకు అడ్డం పడ్డాడు.

"వదిలెయ్యండి. ఇది నాకు పనికొస్తుంది. ఒక్క మాట... నన్ను అమానతుగా పెట్టకండి. నేలను ఊరికే కాపలా ఉంచడం ఎందుకు? నాకోసం వచ్చేవాళ్ళెవరూ లేరు."

అదర్రా సంగతి. ఏంటా మొహాలు? లేవండి. తందూరులోంచి రొట్టెలు తీసే వేళయింది. ఇళ్ళకు పోయి, వేడి మీద తినండి.