మునిగిన లాంచీలో సీటు

ఆళ్లగడ్డలో ఆదివారం పొద్దున. ఒకప్పుడు చెరువులో చేపల లాంచీ నడిపిన గురుస్వామి చెప్పులేసుకుంటాంటే, వంటింట్లో నుంచి పెండ్లాం మంజుల.

"మళ్లా చెరువుకేనా?"

"ఊరికే, అట్ల పోయొస్తా."

"ఊరికే పోయేదానికి ఎవరన్నా సెంటు కొట్టుకుంటారా?"

"చెమట వాసనకు."

"నా సవతి ఎట్లుందంట?"

"లాంచీని పట్టుకోని సవతి అంటావేందే! నీళ్లడుక్కు పోయి ఏడాదైపాయ."

"దానంతటదే పోయిందా? స్కూబా కంపెనోళ్లు కొని, కావాలని ముంచిరి. గెస్టులు గాలి సిలిండరు కట్టుకోని నీళ్లలోకి దిగి చూసేదానికి. దాని భోగం చూడు! నువ్వు నడిపినన్నాళ్లూ ఏటేటా రంగేస్తివి. మన తలుపుకు ఒకసారన్నా వేసినావా?"

"తలుపు తుప్పు పడ్తాదా?"

"నేను పడ్తాండా."

"పొద్దున్నే మొదలుపెట్టినావా..."

"లోపలికి దిగి ఏం చేస్తావప్పా ఆడ? మాట్లాడతావా?"

"నేను దిగను."

"ఏందీ?"

"దిగనంటి. కట్ట మీద కూచుంటా."

"ఈతొచ్చినోడివి, దిగేదానికేమి?"

"చెవి నొప్పి."

"ఏ చెవి?"

"... ఎవరెవరు దిగుతాండారో చూస్తాంటా. బయటికొచ్చి ఫోన్లు చూపిచ్చుకుంటారే, నా సీట్లో కూచోని, నా స్టీరింగు పట్టుకోని, బొటనేలెత్తి! ఓనరునే కూచోనీలేదు నేను ఆ సీట్లో."

"నన్నూ కూచోనీలేదు. ఆడోళ్లు కూచుంటే ఇంజను మొండికేస్తాదంటివి."

"అప్పుడు అందరూ అట్లే అనేటోళ్లు."

"అందరూ కాదు. నువ్వు."

"సరేలే, పోనీ..."

"పోదువులే. ఇంద, ఈ ఫోటో చూసి పో."

"ఎవరీమె? మొహం నిండా అద్దం, వీపున సిలిండరు... కాలు మీద కాలేసుకోని కూచుంది! నా సీట్లో! యా ఊరామె?"

"సిలిండర్లు మోసి అలవాటైనామె మాదిరుంది."

"నవ్వొద్దు. నేను చూళ్లేదే ఈమెను! ఎప్పుడు దిగింది?"

"బుధవారం."

"నీకెట్ల తెలుసు? బుధవారం నువ్వు కండ్లద్దాలకని నంద్యాలకు పోతివి కదా."

"అద్దాలు వచ్చినాయా ఇంటికి?"

"... నువ్వా? మంజులా, నువ్వేనా? నాతో ఒక్క మాటన్నా చెప్పకుండా?"

"చెప్తే నువ్వూ వస్తానంటావని. సవతులం మేమిద్దరమే మాట్లాడుకోవాల్సినవి చానా ఉండె."