నాగలత గారు నిలిపిన కోరపన్ను

1994 జూలై నాలుగవ తేదీన, గోదావరి నిండుగా పారుతున్న ఒక ఉదయాన, డాక్టర్ నాగలత గారు మన ఆసుపత్రి దంత విభాగంలో వైద్యురాలిగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు విభాగమంటే ఒక కుర్చీ, కొన్ని పట్టుకార్లు, వాటిని చూడగానే నొప్పి తగ్గిపోయిందని వెనుదిరిగే జనం. వైరా రైతుబిడ్డ అయిన ఆమెకు, వాడిన మొక్కను సైతం వెంటనే పీకనివ్వని తండ్రి బసవపున్నయ్య గారి మొండితనం పుట్టుకతోనే వచ్చింది.

పన్ను పీకడం కన్నా, వేరులోని సన్నని నాళాన్ని శుభ్రపరచి నింపే రూట్ కెనాల్ చికిత్సనే ఆమె ఇష్టపడ్డారు. కానీ చేత్తో తిప్పే సన్నని ఆకురాయి సూదులతో, అంటే చేతి ఫైళ్లతో, ఆ పని నాలుగు రాకపోకలకు గాని తెమిలేది కాదు. 2011లో బూర్గంపాడు అవతలి అడవి గూడెం నుంచి జంపక్క గారు కోరపన్ను నొప్పితో వచ్చారు.

"పీకెయ్యమ్మా. పొద్దుగాల బయల్దేరితే మాపటికి గాని ఇల్లు చేరను. ఇన్నిసార్లు ఏడ తిరుగుత?"

నాగలత గారు మందు పెట్టి తాత్కాలికంగా మూసి, మరొక్కసారి వస్తే చాలు, పీకకుండానే బాగుచేస్తానని మాటిచ్చేశారు. మాటైతే ఇచ్చారు గాని, దాన్ని నిలబెట్టే, ఫైలును మోటారుతో తిప్పి పని త్వరగా ముగించే రోటరీ మిషన్ మనకు లేదు. నాళాన్ని అది చేతి ఫైలు కన్నా బాగా శుభ్రం చేస్తుందని రుజువు చూపండి, ఆలోచిస్తామన్నారు పైఅధికారులు.

ఆమె పట్టుబట్టి కూర్చున్నారు. పీకిన పళ్ల వేరు నాళాలలో మురికికి బదులుగా నల్లరంగు ఎక్కించి, కొన్నింటిని చేతి ఫైలుతోను, మిగిలినవాటిని ప్రయోగానికి మాత్రమే అరువు దొరికిన మిషన్‌పై రెండు రకాల రోటరీ ఫైళ్లతోను శుభ్రపరచి, నిలువునా చీల్చి ట్రేలలో పరిచారు. ఏ గుంపులో ఎంత రంగు మిగిలిందో భూతద్దంలో చూడడమే తరువాయి. మర్నాడు వచ్చేసరికి పళ్లన్నీ మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయి. అటెండర్ పగిడయ్య గారు వాటిని బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి శుభ్రంగా తోమేశారు.

"పెద్ద డాక్టర్లు చూస్తరంటిరి గదమ్మా. మరకలతోని గట్ల ఎట్ల పెడ్త?"

నాగలత గారు తల పట్టుకుని కూర్చున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెడితే మధ్యాహ్నం దాకా ఆగలేదు.

సంగతి తెలిసి వైరా, వేంసూరు వైద్యమిత్రులు పీకిన పళ్లను నీళ్ల సీసాలలో వేసి బస్సులలో పంపారు. వీటికి ఫుల్ టికెట్టా, హాఫ్ టికెట్టా అని ఒక కండక్టర్ అడిగారట. ఈసారి పగిడయ్య గారే గది గుమ్మంలో కాపలా కూర్చున్నారు. వేరు పైభాగంలో రోటరీ ఫైళ్లు రెండూ చేతి ఫైలును మించిపోయాయి. కొసన మాత్రం మూడూ కాస్త మురికిని వదిలేశాయి. ఆ రెండో మాట రాయకుంటే మిషన్ జల్దీ వస్తుందని శ్రేయోభిలాషులు సలహా ఇచ్చారు. జంపక్క గారికి ఇచ్చిన మాట గుర్తుండి కూడా ఆమె రెండూ రాశారు. కొసన మిగిలిన మురికిని మందునీటితో బాగా కడగాలనీ చేర్చారు. "కడుగుడే ముఖ్యమని నేను అప్పుడే చెప్పలే?" అని పగిడయ్య గారు నేటికీ మీసం దువ్వుతారు.

దాపరికం లేని ఆ నివేదికను నమ్మి పైఅధికారులు మిషన్ మంజూరు చేశారు. జంపక్క గారి కోరపన్ను ఒక్క ఉదయంలో కుదుటపడింది. పిదప నాగలత గారు విభాగాధిపతిగా ఎదిగి, ఎందరో యువవైద్యులకు పీకే ముందు ఆగడం నేర్పారు.

మొన్నటి పదవీ విరమణ వీడ్కోలు సభకు జంపక్క గారు పిలవకుండానే వచ్చారు. కాల్చిన మొక్కజొన్న కంకి ఒకటి మేడమ్ చేతిలో పెట్టి, రెండోది తాను కొరికి చూపించారు.

"నువ్వు ఉంచిన పన్నే గిది. నీకు గూడ నూరేండ్లు రావాలె, ఒక్క పన్ను ఊడొద్దు."

కన్నీళ్లు తుడుచుకుంటూనే మేడమ్ కంకి కొరికారు. సంపూర్ణ ఆరోగ్యంతో, కుటుంబ సమేతంగా, ఏటేటా ఆ గూడెం కంకులను తమ సొంత పళ్లతోనే కొరుకుతూ వారు నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మన ఆసుపత్రి యావత్తూ మనసారా కోరుకుంటోంది.