తాళాల కొట్టు బేరం

"బేరమా? నా దగ్గరా!" తాళాల కొట్టు బాబాయ్ టీ గ్లాసు బల్లమీద పెట్టాడు. "అమ్మాయ్, ముప్పై ఏళ్ళు కూర్చున్నాను ఆ కొట్లో. గిట్టుబాటు కానిదే పెట్టె తాళం కూడా గడప దాటలేదు."

"అది కాదు బాబాయ్. ఎల్లుండే కదా పిన్నికి గుండె ఆపరేషన్. ఇవాళ కొట్టు అమ్మితే గానీ డబ్బు అందదన్నావు. మంచి ధర పలికిందా అని," అంది టీ కొట్టు ఆమె.

"పలకడమేంటి, పలికించాను! కొనే అతను అడిగినదానికి ఒకటిన్నర రెట్లు. మాటలు తెలియాలమ్మా. కొనేవాడు 'ఊరికే అడుగుతున్నా' అన్నాడనుకో, మనసు పడ్డాడని అర్థం. 'అబ్బే, ఏం బాగుందిది' అన్నాడా, ఇంటికి పట్టుకెళ్ళడమే తరువాయి. మనం 'గిట్టదండీ' అంటే బాగా గిట్టిందని. 'మీరు కాబట్టి ఇస్తున్నా' అంటే ఎవరొచ్చినా అంతేనని. 'ఇదే ఆఖరి మాట' అంటావు చూడు, అసలు బేరం అక్కడ మొదలవుతుంది. ఓసారి వానకి తడిసి ఒకతను మా కొట్టు చూరు కిందకొచ్చాడు. కొనడానికి కాదు, నిలబడ్డానికి. తాళం అమ్మాను. అతనికి ఇల్లే లేదు!"

"ఇల్లు లేనివాడికి తాళమెందుకు?" అన్నాడు పక్కనున్న దర్జీ.

"అదేరా అమ్మకమంటే! కొన్నవాడు ఊరుకుంటాడా? తాళం వృథా పోతుందని తలుపు చేయించాడు. తలుపు ఉంది కదా అని ఇల్లు కట్టాడు. ఇల్లు బోసిగా ఉందని పెళ్ళి చేసుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఇల్లు చూసి పక్కన ఇంకో ఇల్లు, దాని పక్కన ఇంకోటి, ఏడాది తిరిగేసరికి వీధికి వీధే లేచింది. అన్నిటికీ తాళాలు నావే. దాంతో దొంగలకి కడుపు మండి, వాళ్ళ నాయకుడు నా మీదకొచ్చాడు. కత్తితో!"

"అమ్మో!"

"నేను బెదరలేదు. 'బాబూ, నువ్వు ఊరిమీద పడితే నీ ఇల్లు ఎవరు చూస్తున్నారు?' అన్నా. అంతే, కత్తి అక్కడ పెట్టి తాళం కొన్నాడు. కొసరుగా ఇంకో తాళం చెవి అడిగితే ఇచ్చాననుకో. ముఠా అంతా వరసగా కొన్నారు. ఇళ్ళకి తాళాలేసుకుని మర్యాదగా పనుల్లోకి పోయారు. దొంగలు లేకపోయేసరికి పోలీస్ స్టేషన్ మూసేశారు. దానికి వేసిన తాళం ఎవరిది?"

"నీదే," అన్నాడు దర్జీ విసుగ్గా.

"టోకు ధరకి! అంతటివాణ్ణి, నాకీ కొట్టు బేరం ఒక లెక్కా? రెండు రెట్లు లాగాను."

"ఇందాక ఒకటిన్నర అన్నావు."

"అది తొలి విడత. చివరికి మూడు రెట్లు! అతను చేతులు జోడించి, ఇంక నా వల్ల కాదు బాబోయ్ అన్నాడు."

అంతలో దస్తావేజులు రాసే ఆయన చంకలో కాగితాలతో రోడ్డు దాటి వచ్చాడు. "ఇక్కడున్నారా! మూడో పేజీలో సంతకం వదిలేశారు."

"మా బాబాయ్ మూడు రెట్లు లాగాడటగా అండీ?" అని అడిగింది టీ కొట్టు ఆమె సంబరంగా.

ఆయన అయోమయంగా చూశాడు. "లాగడమేంటమ్మా? ఇన్నేళ్ళుగా రాస్తున్నాను, ఇలాంటి అమ్మకం చూడలేదు. కొనే ఆయన ఓ ధర అన్నాడు, ఈయన సరే అన్నారు. అసలు ధరలో సగమైనా ఉండదు. 'బేరమాడరా?' అని అతనే అడిగాడు."

దర్జీ నవ్వబోయి ఆగిపోయాడు. బాబాయ్ టీ గ్లాసు పక్కకి జరిపాడు.

"ఆడదామనే నోరు తెరిచానమ్మా," అన్నాడు. "అతను లేచి వెళ్ళిపోతే? ఎల్లుండిలోగా ఇంకొకడు రావద్దూ? భయమేసింది."

జేబులోంచి పెన్ను తీశాడు. "సంతకం ఎక్కడ పెట్టాలండీ?"